తెల్లవాళ్ళ నడుం కొలత

జయకృష్ణ పేరు చెవిన పడితే వెంకటసుబ్బారావుకి నోట్లో ముద్ద దిగదు. ఆ పేరు తను పలకడు. "భవానీపురం పెద్దమనిషి" అంటాడు. కోపం ఎక్కువైతే "మీ తమ్ముడు" అని పెళ్ళాం మొహం మీదే అంటాడు. తన పెళ్ళినాడు కారులో తన ఒళ్ళోనే నిద్రపోయి, పట్టుపంచె మీద చొంగ కార్చిన పిల్లాడు ఆ జయకృష్ణ. అలాంటివాడు తిట్టి ఉంటే సుబ్బారావు మర్చిపోయేవాడు. చేబదులు తీసుకుని ఎగ్గొట్టి ఉంటే నలుగురిలో పెట్టి అడిగేవాడు. వాడు ఆ రెండూ చెయ్యలేదు. మర్యాద చేశాడు. బావగారి మనసు నొప్పించకూడదని మర్యాద చేసి కొంప ముంచాడు. ఇలాంటి నేరానికి ఏ స్టేషన్లో కంప్లయింటు ఇవ్వాలో సుబ్బారావుకి ఇప్పటికీ తెలియదు.

సుబ్బారావుది ఘంటసాల. ఎనిమిదో తరగతి సగంలో ఉండగా తండ్రి పోయాడు. మినుము చేలో మందు కొట్టి, గట్టు మీద కాసేపు కూర్చుంటానన్న మనిషి అలాగే పక్కకి ఒరిగాడు. నలభై నాలుగేళ్ళు. అంతకుముందు పెదనాన్న బస్సు దిగుతూ పోయాడు, ఆయనకీ యాభై నిండలేదు. తాత కూడా చిన్నవయసులోనే పోయాడని వినడమే తప్ప చూసింది లేదు. వీళ్ళలో ఒక్కడైనా లావుగా ఉన్నాడా అంటే లేడు. అందరివీ పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, పంచె కట్టు మీదికి చిన్న బొజ్జ, అంతే. ఊళ్ళోవాళ్ళు మందు వాసన తగిలిందన్నారు, దిష్టి అన్నారు, ఆ ఇంటి మగాళ్ళది కోపిష్టి రక్తం అన్నారు. గుండె అని ఒక్కరూ అనలేదు. గుండెజబ్బంటే లావుపాటి షావుకార్లకీ, ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకీ వచ్చేది. మూడు పూటలా తెల్లన్నం తిని చేలో దిగేవాడికి ఎందుకొస్తుంది?

తండ్రితోపాటే చదువూ పోయింది. బెజవాడ వచ్చి, ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చేరాడు. చెక్కలు మోసి, బోల్టులు బిగించి, వెల్డింగు నేర్చుకుని, జుట్టు నెరిసే వేళకి తనే ఒక చిన్న షెడ్డు పెట్టాడు. ఊళ్ళో పొలం కౌలుకిచ్చాడు. ఏటా బియ్యం బస్తాలూ మినుములూ ఇంటికొచ్చేవి. అన్నీ ఉన్నాయనుకున్నా లోపల ఒక భయం మాత్రం వదల్లేదు. తన వంశంలో మగాళ్ళు నిలబడరు. తనకి యాభై రెండొచ్చాయంటే అది దేవుడు లెక్క మర్చిపోబట్టేనని అనుకునేవాడు. తను ఏమైపోయినా పర్లేదు, కొడుకు నిలబడాలి. అదొక్కటే ఆయన కోరిక.

ఆ కొడుకు సిద్ధార్థ. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఎనికేపాడులో ఒక కార్ల షోరూములో సేల్స్ పని. పొద్దున బండి మీద వెళ్తూ ఇడ్లీ వడ, పదకొండింటికి పునుగులు, మధ్యాహ్నం ఇంటి క్యారేజీ నిండా అన్నం, సాయంత్రం కస్టమర్లతో టీ, బిస్కెట్లు, వారంలో రెండు మూడుసార్లు స్నేహితులతో బిర్యానీ. చేతులు చూస్తే వాచీ జారిపోయేంత సన్నం. చొక్కా గుండీలు మాత్రం బొడ్డు దగ్గర లాగుతుండేవి. వాడి వెండి మొలతాడు బిగిసినప్పుడల్లా తల్లి కనకలక్ష్మి దాన్ని వన్‌టౌన్ కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళి రెండు రింగులు కలిపించుకొచ్చేది.

"మళ్ళీ వేయించావా?" అని సుబ్బారావు అడిగితే ఆవిడ మురిసిపోయేది.

"ఒళ్ళు చేస్తున్నాడండీ. మీ వాళ్ళందరి లాగా ఎండుకట్టెలా ఉండమంటారా ఏంటి?"

మొలతాడు బిగిసిందంటే ఆ ఇంట్లో అది శుభవార్త. పుట్టినప్పట్నించీ నడుముకి కొలత కట్టుకు తిరిగే మనుషులే అయినా, ఆ కొలత ఏం చెప్తోందో వాళ్ళకి ఎవరూ చెప్పినవాళ్ళు లేరు.

ఒక వేసవి సాయంత్రం సిద్ధార్థ మేడ మెట్లెక్కి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. నుదుటి మీద చెమట.

"ఏంట్రా?" అన్నాడు సుబ్బారావు.

"ఏం లేదు నాన్నా. గుండెల్లో మంట. దవడ కూడా లాగుతోంది. గ్యాసయ్యుంటుంది."

గుండె అన్న మాట వినేసరికి సుబ్బారావుకి మినుము చేలో గట్టు కనిపించింది. ఆ రాత్రంతా వాడు ఊపిరి పీల్చుకోవడం వింటూ పడుకున్నాడు. తెల్లారగానే చూపించాలి, సరే, ఎవరికి చూపించాలి? ఆస్పత్రంటే ఆయనకి పడదు. లోపలికెళ్ళినవాడికి ఏదో ఒకటి అంటగట్టకుండా బయటికి పంపరని నమ్మకం. పైగా బావమరిది భవానీపురంలో ఆరోగ్య కేంద్రం తెరిచి ఏడాదయింది. అంతకుముందు జయకృష్ణ రొయ్యల మేత ఏజెన్సీ చేశాడు, తర్వాత ప్లాట్ల బ్రోకరు, ఇప్పుడిది. తెల్లటి గోడలు, వాటి మీద పళ్ళన్నీ కనపడేలా నవ్వే దొరల ఫొటోలు, మధ్యలో విదేశాల నించి తెప్పించిన యంత్రం. దాని మీద చెప్పుల్లేకుండా నిలబడి రెండు పిడులు పట్టుకుంటే, నడుం కొలతా ఒక చుక్క రక్తమూ ఇస్తే, ఒంట్లో కొవ్వెంత, గుండెకి గండమెంత అని లెక్కగట్టి రంగు కాగితం బయటికి తోస్తుంది. ఆకుపచ్చయితే బాగున్నట్టు. పసుపయితే జాగ్రత్త. ఎరుపయితే డాక్టరు దగ్గరికి. ఆకుపచ్చ వచ్చినవాళ్ళూ పసుపు వచ్చినవాళ్ళూ నెలనెలా డబ్బు కట్టి, జయకృష్ణ నీళ్ళలో కలిపిచ్చే పొడి తాగిపోతుంటారు. అదీ వ్యాపారం. తెల్లారగానే కొడుకుని వెంటబెట్టుకుని సుబ్బారావు అక్కడికే వెళ్ళాడు.

"రండి బావగారూ, రండి. ఏరా అల్లుడూ, అన్ని కార్లు అమ్ముతావు, నీకింకా బండేనా?" అంటూ ఎదురొచ్చాడు జయకృష్ణ.

"నువ్వు ఒళ్ళు తగ్గే పొడి అమ్ముతావు, నీకు ఒళ్ళు తగ్గిందా మావయ్యా?" అన్నాడు సిద్ధార్థ.

"తగ్గితే ఇంకెవడు కొంటాడ్రా? ముందు నేను తగ్గి కూర్చుంటే, ఈయనకేదో జబ్బనుకుంటారు జనం."

సుబ్బారావు నవ్వలేదు. "ముందు వాణ్ణి చూడు జయా. గుండెల్లో మంటంటున్నాడు."

జయకృష్ణ కూడా నవ్వు ఆపేశాడు. టేపు తీసి బొడ్డు మీదుగా చుట్టాడు. ముప్పై ఏడున్నర. వేలికి సూది గుచ్చాడు. యంత్రం తెర మీద ఏవేవో నొక్కుతూ పోయి ఒకచోట వేలు ఆపాడు. తలెత్తి బావగారి మొహం చూశాడు. మళ్ళీ తల దించుకుని నొక్కాడు. కాసేపు గుర్రుమని, యంత్రం కాగితాన్ని బయటికి తోసింది. ఆకుపచ్చ.

"చూశారా బావగారూ. నడుం నలభై అంగుళాల దాకా పర్లేదు. మనవాడికి ఇంకా రెండున్నర అంగుళాలు చేతిలో ఉంది. ఎత్తుకి తగ్గ బరువే."

"గుండెకి?"

"గుండెకీ గ్రీనే. మంటంటారా, ఆ పునుగులు మానేస్తే అదే పోద్ది."

సుబ్బారావు ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం జయకృష్ణ ఇంట్లోనే భోజనం. గోంగూర, రొయ్యల ఇగురు, గడ్డపెరుగు. రాత్రి నిద్రలేని మనిషి రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాడు. తిరిగొస్తూ ఫ్లైఓవర్ మీద అమ్మవారి కొండ కేసి తిరిగి చెంపలేసుకున్నాడు. షెడ్డుకెళ్ళి పనివాళ్ళందరికీ కాగితం చూపించాడు. తన ఇంట్లో ఇన్ని తరాల తర్వాత ఒక మగాడికి బతికే యోగం పట్టిందని, అది కాగితం మీద రాసి కూడా ఇచ్చారని ఆయన సంబరం. ఆ తర్వాత సిద్ధార్థ రెండుసార్లు మంటన్నాడు. "యంత్రం చెప్పాక ఇంకేంట్రా నీ గోల, బద్ధకం పెరిగింది నీకు" అన్నాడు సుబ్బారావు. వాడూ నిజమే కామోసనుకున్నాడు.

కార్తీకం వెళ్ళాక ఒక మధ్యాహ్నం, షోరూములో ఒక కస్టమరుకి డిక్కీ తెరిచి చూపిస్తూ సిద్ధార్థ ఛాతీ పట్టుకున్నాడు. పక్క టేబులు మనోజ్ఞ చూసింది. ఆస్పత్రికి పోదాం రమ్మంది.

"అక్కర్లేదు. మొన్న ఎండాకాలంలోనే మొత్తం చెకప్పయింది, గ్రీనొచ్చింది. గ్యాసే" అని సోడా తాగి వెనక గదిలో కూర్చున్నాడు. ఆకుపచ్చ కాగితం ఇంట్లో ఉన్నవాడు గుండెపోటుని కూడా గ్యాసనే అనుకుంటాడు మరి. పొద్దు వాలే వేళకి మనోజ్ఞ వెళ్ళి చూస్తే, చొక్కా తడిసి ఒంటికంటుకుపోయి, మనిషి కుర్చీలోంచి జారి ఉన్నాడు. కస్టమర్లకి తిప్పి చూపించే కారులోనే, సీట్లకి ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యకుండా, రామవరప్పాడు రింగు మీదుగా తీసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చారు.

సుబ్బారావూ కనకలక్ష్మీ వెళ్ళేసరికి ఒక నర్సు వచ్చి కొడుకు వాచీ, ఫోను, వెండి మొలతాడు ఒక కవర్లో వేసి ఇచ్చింది. కనకలక్ష్మి ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కవరు మీంచే మొలతాడు రింగులు ఒక్కొక్కటీ తడుముతోంది. కాసేపటికి గుండె డాక్టరు జ్ఞానేశ్వరి బయటికొచ్చింది. నలభై లోపు మనిషి, మెడలో మాస్కు వేలాడుతోంది.

"పెద్ద పోటండీ. ముఖ్యమైన రక్తనాళం పూర్తిగా మూసుకుపోయింది. అది తెరిచి స్టెంటు వేశాం. మిగతా రెండిట్లో కూడా అడ్డంకులున్నాయి. గుండె కండరం బాగా దెబ్బతింది. నొప్పి మధ్యాహ్నం మొదలైందంటున్నారు, ఇంతసేపు ఎందుకాగారు?"

"మాకు గ్రీనొచ్చిందండీ" అన్నాడు సుబ్బారావు.

ఆవిడకి అర్థం కాలేదు. యంత్రం గురించి చెప్పాడు. నడుం ముప్పై ఏడున్నరని, నలభై దాకా పర్లేదన్నారని చెప్పాడు. ఆవిడ గోడకానుకుంది.

"నలభై అన్నది తెల్లవాళ్ళకి పెట్టిన హద్దండీ. మన మగవాళ్ళకి ముప్పై అయిదున్నర దాటితేనే అనుమానించాలి."

"మనిషి మనిషే కదమ్మా. వాళ్ళకో టేపూ మనకో టేపూ ఉంటాయా?"

"టేపొకటే. ఒళ్ళు తీరు వేరు. మనవాళ్ళకి కాళ్ళూ చేతులూ సన్నగానే ఉంటాయి, కొవ్వంతా కడుపు లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. చూసేవాళ్ళకి సన్నటి మనిషే. అదే నడుం ఉన్న తెల్లవాడికి ఏమీ కాకపోవచ్చు, మనకి అప్పటికే లోపల పాడైపోతుంటుంది. మీ అబ్బాయికి చక్కెర కొంచెం ఎక్కువ, బీపీ కొంచెం ఎక్కువ, రక్తంలో చెడ్డ కొవ్వు ఎక్కువ, మంచిది తక్కువ. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టేది కాదు. అన్నీ ఒకచోట చేరితే ఇదవుతుంది. అదీ మనకి వాళ్ళకంటే పదేళ్ళు ముందే. మీ నాన్నగారున్నారా?"

"లేరండీ." తండ్రి గురించి చెప్పాడు. పెదనాన్న గురించీ, తాత గురించీ చెప్పాడు. చెప్తుంటే ఆ ముగ్గురు మగాళ్ళ చావులకీ ఇన్నేళ్ళకి పేరు దొరికినట్టయింది. పేరు దొరికింది కదా అని సంతోషపడే సమయం కాదు. "ఎండాకాలంలోనే మీ దగ్గరికి తెచ్చి ఉంటే?" అని అడిగాడు.

"మాత్రలతో, ఒకటి రెండు స్టెంట్లతో గట్టెక్కేవాడండీ" అంది ఆవిడ. ఆ మాట అనకుండా ఉండాల్సిందన్నట్టు వెంటనే లోపలికి వెళ్ళిపోయింది.

ఐసీయూ బయట హాల్లో ఇనప కుర్చీలు. సత్యనారాయణపురం నించి వచ్చిన బాలసరస్వతి అనే పెద్దావిడ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. భర్త లెక్కల మేష్టారుగా చేసి రిటైరయ్యాడట, లోపలున్నాడు. "మా ఇంట్లో కోడిగుడ్డు పెంకు కూడా కనపడదండీ. ఉల్లిపాయ కూడా వారాలు చూసి తింటాం. మాంసం తినేవాళ్ళకి కదా ఇది రావాల్సింది, ఈయనకెందుకొచ్చింది?" అని వచ్చినవాళ్ళందరినీ అడుగుతోంది. ఎదురు కుర్చీలో గుణదల నించి వచ్చిన స్టీఫెన్, తమ్ముడి కోసం కాపలా. కళ్ళు ఎర్రగా ఉన్నా నోరు మాత్రం ఊరుకోలేదు.

"అమ్మా, మీరు నెయ్యి తిన్నారు, మేం మాంసం తిన్నాం, ఈ బాబాయిగారు రొయ్యలు తిన్నారు. అన్నం మాత్రం అందరం కుంభాలు కుంభాలు తిన్నాం. లోపల ముగ్గురినీ పక్కపక్కన పడుకోబెట్టారు. ఎవరే కులమో అక్కడ కనుక్కోండి చూద్దాం."

బాలసరస్వతి మొహం తిప్పుకుంది. కాసేపాగి తన ఫ్లాస్కులో కాఫీ మూతలో పోసి స్టీఫెన్‌కి అందించింది.

మర్నాడు పొద్దున్నే జయకృష్ణ క్యారేజీ పట్టుకుని వచ్చాడు. మేనల్లుడి పరిస్థితి విని మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. సుబ్బారావు వాడి పక్కన కూర్చున్నాడు. కనకలక్ష్మి రెండు మెట్ల పైన నిలబడింది.

"నలభై ఎవడి లెక్కరా?" అన్నాడు సుబ్బారావు.

జయకృష్ణ ఏడుపు ఆగిపోయింది. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ యంత్రం మొదట్లో అడుగుతుంది బావగారూ, మనిషి ఏ జాతివాడని. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, చైనావాళ్ళు, ఇండియావాళ్ళు అని వరసగా ఉంటాయి. మొదటి నెల అందరికీ ఇండియానే నొక్కా. భవానీపురం సగానికి సగం ఎరుపొచ్చింది. ఎరుపొచ్చినవాడు ఒక్కడూ మళ్ళీ గడప తొక్కలేదు. యంత్రం దొంగదని బజార్లో చెప్పారు. తెల్లవాళ్ళని నొక్కితే అందరికీ ఆకుపచ్చే. జనం నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. పక్కింటివాళ్ళని తీసుకొచ్చేవాళ్ళు."

"జనం సంగతి నాకొద్దు. మావాడికి?"

"ఇండియానే నొక్కబోయాను బావగారూ. అక్క మీద ఒట్టు, వేలు దాని మీదే పెట్టాను. మీ మొహం చూశాను. అన్ని రోజులకి మీరు మా ఇంటికి భోజనానికొస్తే, మీ చేతిలో ఎర్ర కాగితం ఎట్టా పెడతాను? అక్కకేం చెప్తాను? ఈ రోజుకి కానిచ్చి, రెండు వారాలాగి నేనే ఇంటికొచ్చి మెల్లగా చెబుదామనుకున్నా."

"చెప్పావా?"

జయకృష్ణ క్యారేజీ గొళ్ళెం తీసి మళ్ళీ వేశాడు.

"మర్చిపోయా."

సుబ్బారావు చెయ్యెత్తలేదు. ఆటోనగర్లో సుత్తి తిప్పే చెయ్యి అది, ఎత్తితే ఏమయ్యేదో ఆయనకే తెలియదు. "నా కొడుకుని దొరని చేశావురా. ఒక్క పూట దొరని చేసి చంపేశావు" అన్నాడు. "లే. ఆ క్యారేజీ తీసుకుని పో. మళ్ళీ నా ఎదట పడకు."

వాడు వెళ్ళిపోయాక కనకలక్ష్మి నిన్నటి నించి మొదటిసారి నోరు తెరిచింది.

"వాడు నొక్కాడు, మీరు నమ్మారు. ఎరుపొచ్చుంటే మాత్రం మీరు డాక్టరు దగ్గరికి తీసుకొచ్చేవాళ్ళా? ఇంకో యంత్రం చూసుకుందాం పదమనేవాళ్ళు. మీ సంగతి నాకు తెలియదా."

"మీ తమ్ముణ్ణి వెనకేసుకురాకు."

"వాణ్ణి వెనకేసుకొచ్చి నాకేమొస్తుంది? నా బిడ్డ లోపలున్నాడు."

ఆ మాటకి సుబ్బారావుకి జయకృష్ణ మీద మంట ఇంకా పెరిగింది.

ఆ వారం సిద్ధార్థ గుండె తనంతట తాను రక్తం తోడలేకపోయింది. ఆ పని చేసే మిషను ఒకటి తగిలించారు. అది తిరిగినన్నాళ్ళూ పూట పూటకీ డబ్బు. అది తీసేశాక మిగతా నాళాలకి ఆపరేషను చెయ్యాలన్నారు. సర్కారు ఆరోగ్య కార్డు సుబ్బారావుకి ఎప్పుడో పోయింది, షెడ్డులో వెల్డింగు మిషన్ల కరెంటు బిల్లు చూసి ఆయన్ని ఉన్నవాడి కింద రాశారు. కనకలక్ష్మి మెడలో పసుపుతాడు మిగిలింది. షెడ్డులో సగం కట్టిన లారీ బాడీని ఇంకొకరికి అప్పజెప్పి, ఆ పని తాలూకు అడ్వాన్సు పోను మిగిలిన డబ్బు ఆస్పత్రిలో కట్టాడు. ఇక ఉన్నది పొలం.

పక్క చేను వెంకటకృష్ణారావుది. దూరపు చుట్టం, వరసకి అన్న. కబురు పెడితే బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికే వచ్చాడు. బత్తాయిలు కుర్చీ మీద పెట్టి, ఐసీయూ తలుపు వైపు దణ్ణం పెట్టి, నిట్టూర్చి, సుబ్బారావుని క్యాంటీనుకి తీసుకెళ్ళాడు.

"ఇలాంటి చోట బేరాలాడకూడదు సుబ్బారావ్. పాపం చుట్టుకుంటది."

"ఆడొద్దు అన్నయ్యా. ఊళ్ళో నడుస్తున్న రేటివ్వు."

"నడుస్తున్న రేటు నిదానంగా అమ్ముకునేవాడికి. నీకు రేపటికి కావాలి. రేపటికి అంత డబ్బు తేవాలంటే నేను ఎక్కడెక్కడ తిరగాలో నీకేం తెలుసు?"

"మినుము మొలిచి ఉంది. కౌలువాడికి నేను సర్దిచెప్పుకుంటా, పంటతో సహా ఇస్తున్నా."

"మినుముదేముంది, ఒక వాన పడితే పోద్ది." వెంకటకృష్ణారావు టీ గ్లాసు ఊదుకుని తాగాడు. "మీ నాన్న ఆ గట్టు మీదే పోయాడు. కొనేవాడు అది కూడా చూస్తాడు. నేను కాబట్టి అడుగుతున్నా."

తండ్రి చావుకి కూడా రేటు తగ్గించే మనిషితో సుబ్బారావు ఇంక బేరమాడకుండా సరేనన్నాడు. రిజిస్ట్రారాఫీసులో కెమెరా ముందు కూర్చోబెట్టి, తల నిటారుగా పెట్టమన్నారు. వేలిముద్ర మిషను మీద ఆయన వేలు పడలేదు. నలభై ఏళ్ళ దాకా ఇనుముతో రాసుకున్న వేలు, గీతలు అరిగిపోయాయి. వేళ్ళు మార్చి మార్చి, తడిచేసి, తుడిచి, చివరికి ఎడమచేతి చిటికెనవేలు పడితే దానితో కానిచ్చారు. వెంకటకృష్ణారావు బయట టిఫిను పెట్టిస్తానన్నాడు. సుబ్బారావు వద్దని బస్సెక్కాడు. దారిలో చేను కనిపిస్తుందని తెలుసు. కోసిన వరి మోళ్ళ మధ్య మినుము మొక్క రెండాకులేసి ఉంటుంది. ఆ మలుపు వచ్చినప్పుడు ఆయన ముందు సీటు కడ్డీ మీద తల ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

సిద్ధార్థ బతికాడు. బతికాడన్నది డాక్టర్ల మాట. ఛాతీ మధ్యన పొడుగాటి కుట్టు, గుండెలో మూడో వంతే పనిచేస్తోందన్న కబురు, గుప్పెడు మాత్రలు, రోజంతా తాగడానికి కొలిచి ఇచ్చిన నీళ్ళు. మేడ ఎక్కలేడని ఇల్లు మారారు. షోరూము వాళ్ళు మంచివాళ్ళే, ఒక నెల చూశారు, తర్వాత ఆ కుర్చీలో వేరేవాణ్ణి పెట్టుకున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి తెచ్చుకుంటాడు. పొట్ట తగ్గిపోయింది. ఇప్పుడు నిజంగానే వాళ్ళ తాతలా ఎండుకట్టయ్యాడు. కనకలక్ష్మి ఆ పోలిక ఇక ఎత్తదు. జయకృష్ణ ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ ఇండియానే నొక్కుతున్నాడని, వచ్చేవాళ్ళు తగ్గిపోయి అద్దె కట్టలేక అవస్థ పడుతున్నాడని ఆవిడే ఒకసారి చెప్పబోయింది. సుబ్బారావు కంచం ముందు నించి లేచిపోయాడు.

మొన్న డాక్టరుకి చూపించడానికి ముగ్గురూ వెళ్ళారు. జ్ఞానేశ్వరి సిద్ధార్థని పరీక్ష చేసింది, మాత్రలు మార్చింది, బాగానే ఉన్నావంది. తర్వాత సుబ్బారావు వైపు తిరిగింది.

"ఈసారి మీరండీ. మీ నాన్నగారు, పెదనాన్నగారు, ఇప్పుడు అబ్బాయి. మధ్యలో మీరొక్కరే మిగిలారు. ఇవాళే రక్తం ఇచ్చి వెళ్ళండి. అవసరమైతే యాంజియో చేద్దాం."

"అట్టాగేనమ్మా" అన్నాడు సుబ్బారావు. బయటికొచ్చి రక్తమిచ్చే గది దాటుకుని నేరుగా గేటు వైపు నడిచాడు. కనకలక్ష్మి వెనక నించి చొక్కా పట్టుకుని ఆపింది.

"ఎటు? గది అటుంది."

"నాకేం లేదు."

"లేదని మీరెట్టా చెప్తారు? నిన్న షెడ్డులో నిచ్చెనెక్కి దిగి, ఎడం చెయ్యి పట్టుకుని కూర్చున్నారంట. పనివాళ్ళు చెప్పారు నాకు. ఒక్క చుక్క రక్తం ఇవ్వడానికి ఏంటండీ మీకు?"

"ఇస్తే ఏమొస్తదే? ఎరుపొస్తది." సుబ్బారావు గొంతు పెరగలేదు. బేరం చెప్తున్నట్టు నిదానంగా చెప్పాడు. "ఎరుపొస్తే ఏం చేస్తావు? స్టెంటంటారు, కోతంటారు. దేంతో చేయిస్తావు? వాడికైతే అమ్మడానికి నేను ఏదో ఒకటి ఉంచాను. నాకు అమ్మడానికి ఏముంది? తెలియకపోతే షెడ్డుకెళ్ళి పని చేసుకుంటా. తెలిస్తే ఆ పని కూడా చెయ్యలేను. నెలకి వాడి మాత్రలెవడు కొంటాడు?"

కనకలక్ష్మి చొక్కా వదిలేసింది.

సిద్ధార్థ స్తంభానికి ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. పొలం సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. గుండె తట్టుకోలేదని దాచారు, కౌలు బియ్యం ఈ ఏడు ఆలస్యమవుతున్నాయని చెప్పారు. వాడు ఊపిరి తెచ్చుకోవడానికి ఆగి, ఒక్కొక్క మాటా పేర్చి అడిగాడు.

"అంటే పొలం... అమ్మేశావా నాన్నా?"

సుబ్బారావు కొడుకు మొహం చూడలేదు. ఎదురుగా గేటు దగ్గర ఆటోలవాళ్ళు ఎవర్నో పిలుస్తున్నారు. అటే చూస్తూ, అమ్మకం దస్తావేజు చదివినవాడు చదివినట్టే చెప్పాడు.

"ఘంటసాలలో, కాలవ కింద మాగాణి. అంతా ఒకటే చెక్క. తొంభై నాలుగు సెంట్లు."